పాఠశాలా రంగమున ప్రతినాయకుని పాట

గడచిన మార్గశిరమాసమున నొకనాటి సాయంకాలము మా మనుమరాలు చదువుకొనుచున్న పాఠశాల వార్షికోత్సవమునకు నేను బోయితిని. ఆ పాఠశాల హైదరాబాదునకు బడమట, హైటెక్ సిటీకి జేరువను గలదు. 1998వ సంవత్సరమున సైబర్ టవర్సను సౌధము ప్రారంభమగుటకు ముందు ఆ తావులందు గుండ్రాళ్ల గుట్టలును, వాని నడుమ నక్కడక్కడ బల్లెలును దప్ప చెప్పదగిన విశేషము లేకుండెను. నేడు మాధాపురము మొదలు గచ్చిబౌలి దాక అద్దాల మేడలు నిలిచియున్నవి. ఆ మేడలలో బనిచేయు తలిదండ్రుల బిడ్డలకై వెలసిన పాఠశాలలును వానికి దీసిపోయినవి కావు. ఆనాడు మేము కూర్చున్న సభామందిరమునందలి దీపములను, తెరలను, ధ్వనియంత్రములను జూచినచో మా చిన్ననాటి నాటకసమాజములవారు తమ పెట్రోమాక్సు దీపములను దలచుకొని నిట్టూర్చి యుందురు.

కార్యక్రమమునందలి యొక యంశముమీద నా మనసు నిలిచిపోయినది. పదునాలుగేండ్ల బాలుడొకడు తెల్లని కోటు దొడిగి, చేత బెద్ద పట్టకారు బట్టుకొని రంగముమీదికి వచ్చెను. అతడు దంతవైద్యుడట. పరులను బాధించుటయే తనకు బరమానందమనియు, చిన్ననాడు మూగజీవములను హింసించుచుండగా దల్లి చూచి ఆ గుణమునకు దగిన వృత్తి యిదియేయని యుపదేశించెననియు భావము గల యొక యాంగ్లగీతమునకు అతడు పెదవులు గదలించుచు నభినయించెను. పాట యంత్రమునుండి వచ్చుచుండెను. తాళము చురుకైనది, బాలుడు గడుసువాడు, సభ విరగబడి నవ్వెను. రంగమున కొక మూలను ఒక బాలిక కంటిక్రింద నల్లని మచ్చ పూసికొని, చేతికి గట్టు గట్టుకొని నిలిచియుండెను. వైద్యుడు తనవైపు పట్టకారు ఝళిపించినప్పుడెల్ల ఆమె బెదరి వెనుకకు జరుగుచుండెను. అప్పుడు నవ్వులు మరింత హెచ్చుచుండెను. మూడు నాలుగు నిమిషములలో బాట ముగిసినది; దీపము లారినవి; తరువాతి తరగతివారి భాంగ్రా నృత్యము మొదలైనది.

నా ప్రక్కను గూర్చున్న మనుమరాలు, ఎనిమిదేండ్లది, నా చేయి పట్టి లాగి యడిగినది: “తాతయ్యా, ఆ అక్క చెయ్యి ఎవరు విరగ్గొట్టారు?”

“ఆ డాక్టరేనమ్మా.”

“మరి అందరూ ఎందుకు నవ్వుతున్నారు?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయితిని. ఆ ప్రశ్నకు జవాబు వెదకుటయే ఈ వ్యాసము.

సభ ముగిసిన పిదప కాఫీ పుచ్చుకొనుచు గొందరు తలిదండ్రులతోడను, ఒక యుపాధ్యాయినితోడను ఆ విషయము ప్రస్తావించితిని. ఒక తల్లి, “పిల్లలచేత ఇట్టి పాటలు పాడించనే కూడదు, మంచి మాటలున్న పాటలు కరవైనవా?” అనెను. ఒక తండ్రి, “సరదాకు చేసినదానికి ఇంత విచారణ యెందుకండీ? మన సినిమాపాటలు దీనికంటె నయమా?” అనెను. ఉపాధ్యాయిని నెమ్మదిగా, “తరగతికి ఎనిమిది నిమిషాలే ఇస్తారండీ. తరగతిలో ఉన్న ప్రతి పిల్లా స్టేజీ మీద కనబడాలి. ఇక నాటకం ఎక్కడ వేయగలం?” అని చెప్పెను. ఈ మూడు మాటలలో మొదటి రెండును వాదములు, మూడవది యథార్థము. దోషమునకు మూలము ఆ మూడవ మాటలోనే కలదని నా నమ్మకము.

ముందుగా ఆ పాట యేనాటకములోనిదో చెప్పవలయును. 1982వ సంవత్సరమున న్యూయార్కునగరమున నొక చిన్న రంగశాలలో బ్రదర్శింపబడిన “లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్” అను సంగీతనాటకములోనిది. మాటలును పాటలును హోవర్డ్ ఆష్మన్ వ్రాసెను. స్వరములు అలన్ మెంకెన్ కూర్చెను. 1960లో రోజర్ కార్మన్ తీసిన యొక చవుకరకపు చలనచిత్రము దానికి మూలము. పేదపేటలోని పూలదుకాణమున బనిచేయు సేమోర్ అను అమాయకునికి నరరక్తము ద్రాగి పెరుగు నొక వింతమొక్క దొరకును. మొక్క పెరిగినకొలది వానికి గీర్తియు ధనమును బెరుగును. అదే దుకాణమున బనిచేయు ఆడ్రీ యను యువతిని వాడు లోలోపల బ్రేమించుచుండును. ఆమెయో, తన్ను గొట్టి హింసించు నొక దంతవైద్యుని చేతిలో జిక్కి, ఇంతకంటె మంచి బ్రతుకునకు దాను దగనని నమ్ముచుండును.

ఆ వైద్యుని పాట నాటకమున నొంటిగా నిలువదు. దానికి ముందే ప్రేక్షకులు ఆడ్రీ కంటిక్రింది మచ్చను జూచియుందురు. పాట వచ్చినప్పుడు వారు నవ్వుదురు. ఆ నవ్వులోనే యొక ముల్లు దాగియుండును. పిమ్మట నా వైద్యుడు నవ్వు పుట్టించు వాయువును దన సుఖముకొరకు బీల్చబోయి, ముఖమునకు దగిలించుకొన్న తొడుగు ఊడి రాక, నవ్వుచు నవ్వుచు బ్రాణము విడుచును. ఎదుట నిలిచిన సేమోర్ చేయి చాచి రక్షింపడు. ఆ క్షణముననే మన కథానాయకుడును బాపములో భాగస్వామి యగుచున్నాడు. శవము మొక్కకు మేత యగును. రంగముమీద కథ ముగియునప్పటికి ఆ మొక్క అందరిని మ్రింగును. 1986లో దీనిని మరల జలనచిత్రముగా దీసినప్పుడు, ముందుగా జూచిన ప్రేక్షకులు ఆ దుఃఖాంతమును సహింపలేకపోగా, నాయకుడును నాయికయు బ్రతికి బయటపడునట్లు ముగింపును మార్చిరి. అనగా హాస్యపు ముసుగు వేసికొన్న ఈ కథ నిజమునకొక నీతికథ: చిన్న లాభమునకై కంటిముందటి క్రూరత్వమును సహించువాడు తుదకు దానికే యాహారమగును.

ఇక ఆ పాటను మాత్రము కోసి, మూడు నిమిషముల తునకగా జేసి, భాంగ్రాకును దేశభక్తిగీతమునకును నడుమ నుంచినచో మిగులునదేమి? వైద్యుని దర్పము మిగులును. ఆడ్రీ దుఃఖము పోవును. నవ్వు మిగులును, ముల్లు పోవును. నేరము మిగులును, దాని ఫలము పోవును. ఆమె చేతికట్టు వేషములో నొక యలంకార మగును. మా మనుమరాలి ప్రశ్నకు నాటకమున జవాబు గలదు. ఆ తునకలో లేదు.

కావున బ్రతినాయకుని పాట చీకటిదా, వెలుగుదా యనునది కాదు ప్రశ్న. ఆ పాటకు గథలో జవాబున్నదా, నవ్వు ఎవరి మీద బడుచున్నది అనునవియే ప్రశ్నలు. ఇది నేను దూరదేశపు నాటకమును జూచి కల్పించిన సూత్రము కాదు. ఆ సభామందిరమునకు గొలది మైళ్ల దూరమున లింగంపల్లిలో సురభి కాలనీ యనునది కలదు. తరతరములుగా నాటకమే కులవృత్తిగా నెంచుకొన్న సురభి కుటుంబములవారు అక్కడ నివసించుచున్నారు. ఈ పాఠమును వారి పెద్దలు శతాబ్దికి బూర్వమే నేర్చియుండిరి.

1885వ సంవత్సరమున గడప జిల్లాలోని సురభి యను గ్రామమున వనారస గోవిందరావుగారు ఈ నాటకసమాజమునకు శ్రీకారము చుట్టినప్పుడు వారు మొదట బ్రదర్శించినది “కీచకవధ”. ప్రతినాయకుని పేరే నాటకమునకు బేరు. కీచకుడు విరటుని బావమరిది, సేనాపతి. రాణియంతఃపురమున దాసిగా నున్న సైరంధ్రిని గామించి, ఆమె యొల్లకున్నను వెంటబడి, తుదకు నిండుగొలువులో దన్నిన నీచుడు. వీనికంటె నల్లని ప్రతినాయకుడు మన పురాణములలో నరుదు. అయినను కీచకుని కథలో నవ్వునకు జోటు కలదు. అది యెక్కడనో గమనింపుడు.

కీచకుడు సైరంధ్రిని దన్నిన ఘట్టమున నవ్వు లేదు. అక్కడ గొలువు మౌనము వహించును. విరటుడు బావమరిదికి వెరచి తలవంచుకొనును. నిండుసభలో నామె యొంటరిదై నిలుచును. ఆ ఘట్టమున దిక్కన మహాకవి యొక్కమాటనైనను హాస్యమునకు వ్యయపరచలేదు. నవ్వు వచ్చునది నర్తనశాలలో. కీచకుడు గంధము పూసికొని, పూలు ముడిచి, తన సౌందర్యమును దానే పొగడుకొనుచు, చీకటిలో బండుకొనియున్న భీమసేనుని సైరంధ్రి యనుకొని సరసములాడును. అప్పుడు పల్లెటూరి ముసలమ్మ మొదలు పసిపిల్లవాని వరకు నవ్వని వారుండరు. అది క్రూరత్వమును జూచి నవ్విన నవ్వు కాదు. క్రూరత్వము మోసపోయినప్పుడు నవ్విన నవ్వు. దుష్టుడొక్కడే, నవ్వదగిన చోటు వేరు, నవ్వరాని చోటు వేరు. ఈ రెంటిని గలపని నాటకమే మంచి నాటకము. దుష్టుని జూచి నవ్వవచ్చును. దెబ్బను జూచి నవ్వరాదు.

ఈ భేదమును పాఠశాలలవారు గ్రహింపవలసిన యవసరము ఆ ప్రాంతమున మరింత గలదు. అచ్చటి కార్యాలయములలో లక్షలాది స్త్రీలు పనిచేయుచున్నారు. పని చేయు చోట్ల స్త్రీలకు గలుగు లైంగిక వేధింపులను నివారించుటకై 2013లో జట్టము వచ్చినది. పదిమంది గాని అంతకు మించి గాని ఉద్యోగులున్న ప్రతి కార్యస్థానమునను ఫిర్యాదులను విచారించుటకు అంతర్గతసంఘ ముండవలయునని యా చట్టము విధించుచున్నది. విరటుని కొలువు నోరు మెదపలేదు గదా, మన కొలువులు నోరు మెదపవలయునని దీని భావము. పగలంతయు నట్టి కార్యాలయములలో మెలగిన తలిదండ్రులు, సాయంకాలము తమ బిడ్డల రంగముమీద గట్టు గట్టుకొన్న బాలిక బెదరుటను జూచి చప్పట్లు కొట్టినచో, ఆ బిడ్డలు దేనిని నేర్చుకొందురు? చట్టమునా, చప్పట్లనా?

చిన్నపిల్లలకు గీచకుని కథ తగదందురా? తగదు, నేనును నొప్పుకొందును. వారికై మనకు బ్రహ్లాదచరిత్ర కలదు. 1932లో హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన మొదటి తెలుగు మాటలచిత్రము “భక్తప్రహ్లాద”. అది సురభివారి నాటకము నాధారముగా జేసికొని తీసినదే. ఈ కథ సగము పాఠశాలలోనే నడచును. గురువులు చండామార్కులు, శిష్యుడు రాజకుమారుడు. శిష్యుడు పాఠమును దలక్రిందులు చేసి తోడిపిల్లలకు బోధించుచుండగా, గురువులు రాజు కత్తికి వెరచి, ఒకరిమీద నొకరు నేరము నెట్టుకొందురు. వారి పాట్లు చూచి పిల్లలు పడి పడి నవ్వుదురు. ఈ నవ్వు ఎవరిమీద? భయపడి యబద్ధమును బోధించు గురుత్వముమీద. మరి హిరణ్యకశిపుడు కన్నకొడుకునకు విషమిమ్మని యాజ్ఞాపించినప్పుడు అదే సభ నిశ్శబ్దమగును. ఆ నిశ్శబ్దమును బిల్లలకు ఎవరును నేర్పనక్కరలేదు, నాటకమే నేర్పును.

పాఠశాలకు వ్యంగ్యము తగదనువారికి మరియొక చరిత్రాంశమును జ్ఞాపకము చేయుచున్నాను. 1880లో రాజమహేంద్రవరమున గందుకూరి వీరేశలింగంపంతులుగారు తమ “వ్యవహారధర్మబోధిని”ని ప్రదర్శింపించిరి. తెలుగుదేశమున నాధునిక నాటకప్రదర్శనకు దానినే తొలిమెట్టుగా బెద్దలు చెప్పుదురు. దానిలో వేషములు కట్టినవారు పంతులుగారి విద్యార్థులు. అది భక్తికథ కాదు, నీతిశతకమును గాదు. న్యాయస్థానముల చుట్టును దిరుగు ప్లీడర్ల మోసములను, లంచములను నెత్తిపొడుచు ప్రహసనము. అనగా మన యాధునిక రంగస్థలము పాఠశాలలోనే పుట్టినది. పుట్టుటయే దుష్టులను నవ్వులపాలు సేయుచు బుట్టినది. విద్యార్థులు మోసగాండ్ర వేషములు వేసి మోసగాండ్రు కాలేదు. మోసము ఏ మాటలతో వచ్చునో, ఏ వినయముతో జేతులు జోడించునో వారు లోపలినుండి తెలిసికొనిరి.

ప్రతినాయకుని వేషమువలని ప్రయోజనమిదియే. మంచివాని మాటలను బిల్లలు ప్రతిదినము వినుచునే యున్నారు. చెడ్డవాడు తన చెడును ఎట్లు సమర్థించుకొనునో వారు వినుట యరుదు. లోకమున ఏ దుష్టుడును “నేను దుష్టుడను” అని చెప్పుకొని రాడు. నవ్వుచు వచ్చును, పాటతో వచ్చును, చమత్కారముతో వచ్చును. “కన్యాశుల్కము”లోని గిరీశమును జూడుడు. 1892లో విజయనగరమున దొలిసారి ప్రదర్శింపబడిన ఆ నాటకమున వాడు వెంకటేశమను బడిపిల్లవానికి జదువు చెప్పు నెపమున జుట్ట కాల్చుటయు గోతలు కోయుటయు నేర్పును. వెంకటేశమునకు వాడు దేవుడు. నాటకమంతయు మనలను నవ్వించిన యా గడుసరి తుదకు సౌజన్యారావుపంతులు ఎదుట నిజము బయటపడి నిలువలేక పోవును. అప్పుడుగాని మనము ఇంతసేపు ఎవనితో గలిసి నవ్వితిమో మనకు దోచదు. ఈ తెలివిని గలిగించుటకే గురజాడ అప్పారావుగారు వానికంత చమత్కారమిచ్చిరి. గిరీశమును దీసివేసి సౌజన్యారావుపంతులును మాత్రము మిగిల్చినచో, ఆ నాటకము నెవరు చూతురు?

కావున “మంచి మాటలున్న పాటలే పాడింపుడు” అను తల్లి మాట నేనంగీకరింపజాలను. దుష్టుని రంగమునుండి వెడలగొట్టినచో బిల్లవాడు వానిని లోకములోనే తొలిసారి చూచును, అప్పుడు గుర్తింపలేడు. “సరదాకు విచారణ యేల?” అను తండ్రి మాటయు నంగీకరింపను. మన నాట్యశాస్త్రము సరదాను విచారించియే యున్నది. భరతముని హాస్యమును స్మితము మొదలుకొని అతిహసితము వరకు నారు విధములుగా విభజించి, ఉత్తమ మధ్యమ అధమ ప్రకృతులకు రెండేసి చొప్పున బంచిపెట్టెను. నవ్వినవాని సంస్కారము నవ్వులో దెలియునని యాయన యభిప్రాయము. ఆనాటి మా సభలో గట్టు గట్టుకొన్న బాలికను జూచి నవ్విన నవ్వు ఏ తరగతికి జెందునో చదువరులే నిర్ణయింతురుగాక.

ఇక నొక సంగతి కలదు. అది పాటకంటె వేషమునకు సంబంధించినది. హాస్యప్రతినాయకుని వేషము ఏ పిల్లవానికి గట్టుదురు? ఏ యాసలో బలికింతురు? నేను జూచిన పెక్కు ఉత్సవములలో నల్లని పిల్లవాడు రాక్షసుడు. లావైన బాలిక శూర్పణఖ. ఎర్రని పిల్లవాడు రాముడు. మంథర గూనిని, శకుని కుంటినడకను జూపి నవ్వించుట పరిపాటి. ఇట్లు చేసినచో దుష్టుని జూచి నవ్వుటకు బదులు దేహమును జూచి నవ్వుట యగును. తెలుగు చలనచిత్రములు చాలకాలము తెలంగాణపు పలుకుబడిని రౌడీల నోటను, సేవకుల నోటను, హాస్యగాండ్ర నోటను బెట్టి నవ్వించినవి. ఈ బాధను తెలంగాణమువారు బహుకాలము చెప్పుకొనిరి. 2017లో వచ్చిన “ఫిదా”లో నాయిక నోటను, 2023లో వచ్చిన “బలగం”లో నింటిల్లిపాది నోటను ఆ పలుకు గౌరవముతో వినబడినది. అయినను బాఠశాలల హాస్యాంకములలో బాత యలవాటు పోలేదు. ఆ సభామందిరపు గుమ్మమువద్ద నిలిచిన కాపలావాడును, పసిబిడ్డ నెత్తుకొని వెనుకవరుసను నిలిచిన ఆయమ్మయు ఆ పలుకునే పలుకుదురు. తమ భాషలో దుష్టుడు మాటలాడగా దమ యజమానుల బిడ్డలు నవ్వినప్పుడు వారి మొగములను మన మెన్నడైన వెనుదిరిగి చూచితిమా?

బాలుని వైపునుండియు నొకమాట. ఆనాడు వేషము వేసిన పిల్లవాడు పాడలేదు, యంత్రము పాడినది. వాడు పెదవులు కదలించి, నేర్పినవారి అభినయమును మక్కికి మక్కి చేసెను. పాడినచో మాటలు వాని గొంతులోనుండి రావలసియుండును. మాట యర్థము తెలియక గొంతు పలుకదు. సురభివారి పిల్లలు నడక వచ్చిన నాటినుండి రంగమెక్కుదురు. హార్మోనియము ప్రక్కను బెద్దలు పాడుచుండగా విని, తామును బాడుదురు. ప్రహ్లాదుడుగా నారంభించినవాడు పెరిగి హిరణ్యకశిపు డగును. బాధితునిగా నుండి చూచినవానికి బీడకుని వేషము వచ్చును గనుక వానికి రెండు వైపులును దెలియును. ఇంతటి శిక్షణ బడిలో సాధ్యము కాకపోవచ్చును; కాని దాని నీడయైన నుండవలదా? 2019వ సంవత్సరము జూన్ నెలలో గేంద్ర సమాచార ప్రసారశాఖవారు, నృత్యపోటీల కార్యక్రమములలో బిల్లలను వారి వయసునకు దగని చేష్టలతో జూపవలదని దూరదర్శిని సంస్థలను హెచ్చరించిరి. ప్రభుత్వము దుకాణదారునకు జెప్పిన మాటను బడి తనంతట దాను దెలిసికొనలేదా?

ఇప్పుడు నాకు దోచిన యుపాయములను సంగ్రహముగా మనవి చేయుదును. తరగతికొక తునక చొప్పున బండ్రెండు తునకలకు బదులు, ఏటికొక నాటకమును బూర్తిగా నాడవలయును. అందరు పిల్లలును గనబడుటకు బృందగానములు, సేనలు, పురజనులు, తెరలు లాగువారు, దీపములు వెలిగించువారు గలరు గదా. కురుసభలో నిలిచినవాడును నటుడే. చిన్నతరగతులకు జండామార్కులు చాలును. దంతవైద్యుని వంటివారు పదునాఱేండ్లు దాటినవారికి వదలుదురు గాక. పాశ్చాత్య సంగీతనాటకములను దీసికొన్నచో హక్కుదారుల యనుమతి పొందవలయును. మాటలను మనయిష్టము వచ్చినట్లు మార్చుటకు వీలులేదు. కొన్నిటికి బాఠశాలలకై వారే సవరించి యిచ్చిన ప్రతులు గలవు. వానిని వెదకికొనుట మేలు. వేషములను వర్ణమును బట్టియు, శరీరమును బట్టియు గాక, గొంతును బట్టి పంచవలయును. అన్నిటికంటె ముఖ్యముగా, దుష్టుని పాటను అభ్యసింపజేయు మొదటిదినమున ఉపాధ్యాయులు పిల్లలను గూర్చుండబెట్టి, “ఈ పాటకు జవాబు నాటకములో ఎక్కడ నున్నది?” అని యడుగవలయును. జవాబు దొరకినచో బాట పాడింపుడు. దొరకనిచో బాటను మానుడు. లేదా నాటకమును మార్చుడు.

ఆ ఉత్సవము జరిగిన రెండు మాసములకు మా మనుమరాలిని సురభివారి ప్రహ్లాదునకు దీసికొనిపోయితిని. చండామార్కులు తడబడినప్పుడు అది చేతులు చరచి నవ్వినది. విషపాత్ర రంగముమీదికి వచ్చినప్పుడు నా ఒడిలోనికి జరిగినది. నవ్వలేదు, ఏడ్వలేదు, కన్నార్పక చూచినది. స్తంభము పగిలిన పిదప ఇంటికి వచ్చుచు, “తాతయ్యా, ఆ రాజుకు కొడుకంటే ఇష్టమే కదా? మరి ఎందుకట్లా చేశాడు?” అని యడిగినది.

ఈ ప్రశ్నకును నేను వెంటనే జవాబు చెప్పలేకపోయితిని. కాని మొదటి ప్రశ్న నాకు సిగ్గు గలిగించినది; ఇది సంతోషము గలిగించినది. మొదటిది సభ చేసిన తప్పును బసిబిడ్డ పట్టి చూపిన ప్రశ్న. రెండవది నాటకము బిడ్డ మనసున నాటిన ప్రశ్న. దుష్టుని పాట విని యింటికి వచ్చు ప్రతి బిడ్డయు నిట్టి రెండవ ప్రశ్నతో వచ్చునట్లు మన పాఠశాలలవారు పూనుకొందురుగాక.